నూట ఎనిమిది గళ్ళు

మానవుడు అక్షరం నేర్వకముందే గీత గీయడం నేర్చుకున్నాడు. కాగితం పుట్టకముందే గోడ అతనికి పలక అయింది. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా కొండగుహలలో ఆదిమానవులు ఎరుపు, తెలుపు రంగులతో గీసిన జంతువుల చిత్రాలు నేటికీ చెక్కుచెదరక కనిపిస్తాయి. అజంతా గుహలలో చిత్రకారులు బుద్ధుని జాతక కథలను గోడల నిండా పరిచారు. మన లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు చిత్రకారులు మండపం పైకప్పునే పటంగా మలచుకున్నారు. అంత దూరం పోనక్కరలేదు. పండుగ వస్తున్నదంటే ఇంటి గోడలకు సున్నం కొట్టి, అడుగున ఎర్రని జాజుపట్టె తీర్చి, దానిపై తెల్లని ముగ్గుగీతలు వేసే పల్లెటూరి ఇల్లాళ్ళందరూ ఆ పరంపరకు చెందినవారే.

ఈ మాటలను నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలపాటు తరగతి గదిలో చెప్పాను. కైకలూరు ప్రాంతంలో చిత్రలేఖనం ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి నేను. ఆకును గీయాలంటే ముందు ఆకును చూడాలనీ, తప్పు గీతకు భయపడేవాడికి ఒప్పు గీత రాదనీ ఎందరో విద్యార్థులకు బోధించాను. బోధించినవాడు తన ఇంట పాటించాడా అంటే మాత్రం, లేదనే చెప్పాలి. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

అది 1988 సంక్రాంతి. భోగికి రెండు రోజుల ముందు మా ఇంటికి వెల్ల వేయించాను. సున్నం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి, రెండు పూతలు పూయించాను. వసారా గోడ పాలనురుగులా మెరిసిపోతోంది. బజారుకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి, ఆరేళ్ళ మా అబ్బాయి నీళ్ళపొయ్యిలోని బొగ్గుముక్క పట్టుకొని ఆ గోడ పొడవునా ఏదో గీస్తున్నాడు. ముఖానికి మసి, చేతులకు మసి. నన్ను చూసి నవ్వాడు. నేను కొట్టాను. ఒక్క దెబ్బే. కాని ఆ దెబ్బకు వాడి చేతిలోని బొగ్గుముక్క జారి అరుగుకింద పడింది. ఆ సాయంత్రమే మిగిలిన సున్నం కలిపి, నేనే కుంచె పట్టుకొని ఆ గోడను మళ్ళీ తెల్లగా చేశాను.

నేను పూత పూస్తూ ఉండగా నా భార్య గడపలో నిలబడి, “వాడు ఏం గీశాడో చూశారా?” అని ఒక్క మాట అడిగింది. నేను చూడలేదు. నాకు గోడ పాడయిందనే తోచింది తప్ప అక్కడ ఒక బొమ్మ ఉన్నదని తోచలేదు. గుడివాడ నుంచి భీమవరం వైపు మా ఊరి పొలాల మీదుగా పోయే రైలును గీశాడనీ, ఏడు పెట్టెలు ఉన్నాయనీ, ప్రతి కిటికీలో ఒక మనిషి ఉన్నాడనీ తరువాత ఆమె చెబితేనే తెలిసింది. అప్పటికి గోడ ఆరిపోయింది.

ఆ తరువాత వాడు నా కంటపడేటట్లు ఏనాడూ బొమ్మ గీయలేదు. ఆరవ తరగతిలో నా తరగతి గదిలోనే కూర్చున్నాడు. నేను పూలకుండీ గీయమంటే స్కేలు పెట్టి కొలిచి, తప్పులేకుండా గీసి ఇచ్చేవాడు. మార్కులు వేయక తప్పేది కాదు. కాని ఆ కుండీలోని పువ్వుకు ప్రాణం ఉండేది కాదు. వాడు ఇంజనీరు అయ్యాడు, స్థిరపడ్డాడు. అందులో విచారించవలసినది ఏమీ లేదు. చిత్రలేఖనం నేర్పే నాకు మాత్రం, నా ఇంట్లోనే ఒక చేతిని ఆపానన్న మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది.

నిరుడు వేసవిలో అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. అంతకు కొన్ని నెలల ముందే వారు కొత్త ఇంటికి మారారు. మనవరాలికి తొమ్మిదేళ్ళు, మనవడికి ఐదేళ్ళు. ఇద్దరికీ కలిపి ఒక గది ఏర్పాటు చేశారు. మనవడు మాత్రం ఆ గదిలో పడుకోవడం లేదట. అర్ధరాత్రి లేచి, తలగడ చంకలో పెట్టుకొని, అమ్మానాన్నల పక్కకు చేరుతున్నాడట. మంచానికి ఎదురుగా ఉన్న తెల్లని గోడపై వీధిదీపం వెలుగు పడి, కిటికీ ఊచల నీడలు కదులుతాయి; వాడికి అవి చేతుల్లా కనిపిస్తున్నాయట.

“నాన్నా! ఆ గోడ మీద మీరు ఏదైనా బొమ్మ వేసి పెడతారా?” అని అడిగాడు.

నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. గోడమీద బొమ్మ వేయమని నన్ను అడుగుతున్నది ఎవరో నాకు తెలుసు. వాడు మరచిపోయి అడిగాడా, మరచిపోకనే అడిగాడా అన్నది తెలియలేదు. “వస్తాను” అన్నాను.

ప్రయాణానికి ముందే ఒక నమూనా తయారుచేసుకున్నాను. ఉదయిస్తున్న సూర్యుడు, రెండు తాటిచెట్లు, పూరిల్లు, ఎడ్లబండి, బిందె నెత్తిన పెట్టుకొని నడిచే పడుచు. పట్నంలో పెరిగే పిల్లలకు పల్లె అందం తెలియాలని నా ఉద్దేశం. హైదరాబాదులో ఆ కాగితం విప్పి చూపగానే మనవరాలు శ్రద్ధగా చూసింది. “బాగుంది తాతయ్యా. ఇది ఎవరి గది కోసం?” అని అడిగింది. పరిహాసంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

“సరే, మీ గదిలో ఏం కావాలో మీరే చెప్పండి” అన్నాను.

మనవరాలికి పక్షులు కావాలి. మా ఊరికి సెలవులకు వచ్చినప్పుడు ఆటపాకలో పడవ ఎక్కి చూసిన గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కావాలి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పరచుకొని ఉన్న కొల్లేరు సరస్సు ఆ పక్షులకు ఆలవాలం. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలో చేరిన సరస్సు అది. ఆ పిల్ల మా ప్రాంతాన్ని కోరుకున్నందుకు లోలోపల సంతోషించాను. మనవడి కోరిక మాత్రం వేరు. “డైనోసార్” అన్నాడు.

“మన దేశంలో లేని జంతువు మన గోడమీద ఎందుకురా?” అన్నాను.

“ఉంది తాతయ్యా. మన గోదావరి దగ్గరే దొరికింది” అన్నది మనవరాలు. “కోటాసారస్. ఇక్కడే దాని అస్థిపంజరం ఉంది. రేపు చూపిస్తాం రా.”

మరునాడు ఇద్దరూ నా చెరొక చేయి పట్టుకొని నౌబత్ పహాడ్ మీది బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలకు తీసుకుపోయారు. అక్కడ నిలబెట్టిన ఆ ఎముకల గూటిముందు, ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన నేను విద్యార్థినై నిలిచాను. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర ఆ ఎముకలు లభించాయి. సుమారు 18 కోట్ల సంవత్సరాల క్రితం ఆ జంతువు ప్రాణహిత గోదావరి లోయలో ఆకులు అలములు మేస్తూ తిరిగింది. శాస్త్రజ్ఞులు 1988లో దానికి ‘కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని నామకరణం చేశారు. తెలుగు పల్లె పేరును మోస్తున్న ఆ ప్రాణిని నేను పరాయిదన్నాను. నేను వసారా గోడకు సున్నం పూసిన సంవత్సరమే దానికి పేరు పెట్టారని తెలిసినప్పుడు ఏమీ మాట్లాడలేకపోయాను.

మరొక విశేషం కూడా ఉంది. అనేక జంతువుల ఎముకలు కలిసి దొరికినా, వాటిలో పుర్రె మాత్రం దొరకలేదు. అస్థిపంజరానికి అమర్చిన తల ఊహించి చేసినదే. చర్మం రంగు ఎటువంటిదో కూడా ఎవరికీ తెలియదు. అంటే దాని ముఖం మా ఇష్టం, దాని రంగు మా ఇష్టం. మనవరాలు ఆలోచించి, తడిసిన రేగడిమట్టి రంగు ఉండాలన్నది.

నాకు ఒక సందేహం మిగిలింది. డైనోసార్ బతికిన కాలంలో గూడబాతులు లేవు. కోట్ల ఏండ్ల ఎడం ఉన్న ప్రాణులను ఒకే సరస్సు ఒడ్డున నిలపడం శాస్త్రవిరుద్ధం కాదా? ఆ మాటే పిల్లలతో అన్నాను. “నిజంగా కలవవు. బొమ్మలో కలిస్తే తప్పా?” అన్నది మనవరాలు. అప్పుడు లేపాక్షి జ్ఞాపకం వచ్చింది. ఆ ఆలయాన్ని కట్టించిన విరుపణ్ణ సోదరులను, వారు పూజించే దేవతలతోపాటు ఒకే చిత్రంలో నిలిపారు ఆనాటి చిత్రకారులు. ఏది నిజం, ఏది కల్పన అన్న ఎరుక చూసేవారికి ఉంటే చాలు. నేను అంగీకరించాను.

ఇక పనిలోకి దిగాము. గోడమీద బొమ్మ అనగానే చాలామందికి రంగులు గుర్తుకు వస్తాయి. కాని దాని ఆయువు రంగులో కాక గోడలో ఉంటుంది. అజంతాలో రంగు పూయడానికి ముందు రాతిమీద మట్టి, ఊక వంటివి కలిపిన పూత పట్టించి, నున్నగా చేసి, దానిపై సున్నపు పొర వేశారు. ఆ శ్రమ ఉన్నందువల్లనే ఆ చిత్రాలు శతాబ్దాలను దాటి మనదాకా వచ్చాయి.

ముందుగా గోడలో చెమ్మ ఉన్నదేమో పరీక్షించాను. అరచేయి వెడల్పున్న ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా గాలి దూరకుండా గోడకు అతికించి ఒక రాత్రి ఉంచాలి. లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే, చెమ్మ గోడలోనుంచి వస్తున్నదని అర్థం. మరునాటి ఉదయం బొట్లు కనిపించాయి. గోడకు అవతల స్నానాలగది ఉంది. లోపలి గొట్టం అతుకు దగ్గర కారుతోంది. దానిని బాగుచేయించి, గోడ ఆరడానికి పది రోజులు ఆగవలసి వచ్చింది. పిల్లలు విసుగుచెందారు. నేను మా ఊరికి వెళ్ళి తిరిగి వచ్చాను. ఆ పది రోజులూ ఆగకుండా రంగులు వేసి ఉంటే, వానకాలం గడిచేలోగా మా సరస్సు పొరలు పొరలుగా ఊడిపోయేది.

రంగుల ఎంపికలో కూడా జాగ్రత్త అవసరం. పూర్వం ఇళ్ళకు వేసే రంగులలో సీసం కలిపేవారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. ఇంటి రంగులలో సీసం పదిలక్షలకు 90 పాళ్ళు మించరాదని భారత ప్రభుత్వం 2016లో నిబంధన చేసింది; అది 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అందువల్ల పాత ఇళ్ళలో పాతరంగు గీకేటప్పుడు పిల్లలను ఆ దుమ్ము దరికి రానీయకూడదు. మాది కొత్త ఇల్లే అయినా, గరుకు కాగితంతో గోడను నునుపు చేసిన రోజున ఆ గది తలుపులు మూసి ఉంచాము. పగుళ్ళు పుట్టీతో పూడ్చి, ఒక పూత ప్రైమరు, దానిపై రెండు పూతల లేత రంగు వేసి ఆరనిచ్చాము. నీటితో కలిపే వాసన తక్కువ రంగులనే తెచ్చుకున్నాము.

తరువాత గళ్ళు. చిన్న బొమ్మను పెద్ద గోడమీదికి ఎక్కించడానికి చిత్రకారులు చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఇది. మా గోడ పన్నెండు అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల ఎత్తు. కాబట్టి పన్నెండు అంగుళాల పొడవు, తొమ్మిది అంగుళాల ఎత్తు ఉన్న కాగితంపై ముగ్గురమూ కలిసి బొమ్మ గీశాము. కాగితంపై అంగుళానికొక గడి. గోడపై అడుగుకొక గడి. కాగితంలో ఏ గడిలో ఏ గీత ఉన్నదో, గోడపై అదే గడిలో అదే గీత గీస్తే బొమ్మ దానంతట అదే పన్నెండింతలు పెరుగుతుంది. నూలుదారానికి నీలిరంగు సుద్దపొడి రాసి, రెండు కొసలూ బిగించి పట్టుకొని, మధ్యలో లాగి వదిలితే గోడపై తిన్నని గీత పడుతుంది. ఒక కొస మనవడు, రెండో కొస నేను పట్టుకున్నాము. లాగి వదిలే పని మనవరాలిది. దారం టప్పుమన్నప్పుడల్లా మనవడు కిలకిలా నవ్వేవాడు.

“పన్నెండు తొమ్మిదులు ఎంత?” అని అడిగాను.

“నూట ఎనిమిది” అన్నది మనవరాలు.

“నాయనమ్మ పూజకు చదివే పేర్లు అన్ని!” అన్నాడు మనవడు. ఆ రోజునుంచి గళ్ళను వాడు రోజూ లెక్కపెట్టేవాడు. ఒకటి కూడా తప్పిపోకూడదని వాడి పట్టుదల.

నీరు, ఆకాశం కలిసే గీతను నేను ఐదడుగుల ఎత్తున గీశాను. అది నా కంటికి సమమైన ఎత్తు. నాకు అంతా సవ్యంగానే కనిపించింది. మనవడు మాత్రం మెడ ఎత్తి చూసి, “తాతయ్యా, నాకు నీళ్ళే కనబడుతున్నాయి. మునిగిపోయినట్టుంది” అన్నాడు. నేను వాడి పక్కన నేలమీద చతికిలబడ్డాను. వాడి కంటి ఎత్తునుంచి చూస్తే నిజంగానే గోడ అంతా నీరే. ఒడ్డు లేదు, ఆకాశం ఎక్కడో అందనంత దూరాన ఉంది. క్షితిజరేఖ చూసేవాని కంటి ఎత్తున ఉండాలని నేను వందల సార్లు బోర్డుమీద గీసి చెప్పాను. చూసేవాడు ఎవరు అన్న ప్రశ్న ఆనాటిదాకా వేసుకోలేదు. గీతను చెరిపి, కిందినుంచి మూడవ వరుస పైఅంచుకు దించాను. అప్పుడు మనవడు సరస్సు ఒడ్డున నిలబడ్డాడు.

రంగులలోనూ ఒక పొరపాటు చేశాను. చిన్ననాటినుంచి నాకు అలవాటైనది సున్నం. తడిగా ఉన్నప్పుడు నీరసంగా ఉన్నా, ఆరిన కొద్దీ తెల్లబడుతుంది. ఈ కాలపు రంగులు అందుకు విరుద్ధం. ఆరిన తరువాత ఒక పాలు ముదురుతాయి. ఆ సంగతి తెలిసికూడా, పాత అలవాటుచొప్పున ఆకాశానికి నీలం కలిపాను. ఉదయానికి ఆకాశం మబ్బు పట్టినట్లు అయింది. మనవరాలు ఓదార్పుగా, “వాన వచ్చేటట్టుంది తాతయ్యా, అంతే” అన్నది. మళ్ళీ తెలుపు పూసి, ఈసారి ప్రతి రంగునూ ఒక అట్టముక్కపై రాసి, ఆరనిచ్చి చూసి వాడాము. దూరంగా ఉన్న చెట్లకు ఆకుపచ్చలో కొంత నీలం, కొంత తెలుపు కలిపాము. దూరం పెరిగినకొద్దీ గాలి పొర రంగులను కప్పి లేతబరుస్తుంది. కిటికీలోనుంచి దూరపు భవనాలను చూపి చెబితే ఆ సూక్ష్మం పిల్లలకు వెంటనే అర్థమైంది.

గూడబాతులను మనవరాలికే వదిలిపెట్టాను. మొదటి పక్షి ముక్కుకింది సంచి మరీ పెద్దదైంది. సరిదిద్దబోయి ఆగాను. అది పూర్తయిన తరువాత చూస్తే, ఆ బాతు అప్పుడే చేపను నోట కరచుకున్నట్లు ఉంది. నేను సరిదిద్ది ఉంటే అది మామూలు బాతు అయ్యేది.

ఇక మిగిలింది కోటాసారస్. దానిని ఒడ్డున నిలబడి మెడ ఎత్తి, మంచంవైపు చూస్తున్నట్లు గీశాను. నిజం చెప్పవద్దూ, బాగా కుదిరింది. కోడలు కాఫీ తెచ్చి ఇస్తూ, “మామయ్యగారూ, కదిలి వచ్చేటట్టు ఉంది” అన్నది. మనవడు మాత్రం సంతోషించలేదు. చాలాసేపు మౌనంగా నిలబడి, చివరికి నా చొక్కా లాగాడు.

“తాతయ్యా, రాత్రి కూడా ఇది ఇలాగే చూస్తుందా?”

నాకు అప్పుడు అర్థమైంది. నేను ఈ ఊరికి వచ్చిందే ఆ పిల్లవాడి భయం తీర్చడానికి. నా నేర్పు చూసుకొని మురిసిపోతూ, వాడి భయానికి రెండు కళ్ళు పెట్టాను. “మరి ఏం చేద్దాం?” అని అడిగాను. వాడు ముందే ఆలోచించుకున్నాడు కాబోలు, వెంటనే చెప్పాడు.

“అది నిద్రపోవాలి. అది నిద్రపోతే నేనూ పోతాను.”

రెండు రోజుల పని మీద మళ్ళీ తెలుపు పూశాను. ఈసారి నా చేయి వణకలేదు. కోటాసారస్ సరస్సు ఒడ్డున పడుకుంది. పొడవైన మెడను ముందరికాళ్ళ చుట్టూ మడుచుకుంది. కళ్ళు మూసుకుంది. దాని వీపుమీద రెండు ఎర్రకాళ్ళ కొంగలు, తోకమీద ఒక గూడబాతు వాలాయి. ఆ మూసిన కన్ను గీతను మనవడి చేతనే గీయించాను. చేయి కొంచెం కదిలి, గీత వంకరగా వచ్చింది. ఆ వంకర వల్లనే అది నిద్రలో నవ్వుతున్నట్లు ఉంది.

పని ముగింపుకు వచ్చింది. కుడివైపు చిట్టచివర, నేలకు ఆనుకొని ఉన్న గడిని మాత్రం ఖాళీగా ఉంచాము. అందులో పిల్లల పేర్లు రాద్దామనుకున్నాము. ఆ రాత్రి అందరూ పడుకున్న తరువాత నేను ఆ గదిలో కూర్చొని కుంచెలు కడుగుతున్నాను. ఆఫీసు పని ముగించుకొని అబ్బాయి ఆలస్యంగా వచ్చాడు. బూట్లు విప్పి, నా పక్కనే నేలమీద కూర్చున్నాడు. ఇద్దరమూ కొంతసేపు గోడవైపు చూశాము.

ముప్ఫై ఏడు సంవత్సరాలుగా చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఉపాధ్యాయునికి తన తప్పు తాను చెప్పుకోవడం కష్టం. తండ్రికి మరీ కష్టం. “ఆనాడు నిన్ను కొట్టకుండా ఉండవలసిందిరా” అన్నాను. ఏనాడని వాడు అడగలేదు.

“దెబ్బ నాకు అంతగా గుర్తు లేదు నాన్నా” అన్నాడు కొంతసేపటికి. “మీరు సున్నం పూస్తుంటే ఒక్కొక్క పెట్టే కనబడకుండా పోయింది. అది గుర్తుంది. చివరిపెట్టె కిటికీలో మిమ్మల్నే గీశాను. మీరు చూస్తారని ఎదురుచూశాను.”

నా దగ్గర జవాబు లేదు. కొన్ని తప్పులకు జవాబు ఉండదు. కడిగిన కుంచెలలో సన్నని కుంచె ఒకటి తీసి, తడి తుడిచి, వాడి ముందు పెట్టాను. కొద్దిగా నలుపు రంగు మూతలో పోసి, ఖాళీ గడి చూపాను. వాడు నవ్వి, “నాకు రాదు నాన్నా” అన్నాడు. నేను బలవంతపెట్టలేదు. లేచి వెళ్ళి పడుకున్నాను.

తెల్లవారి చూస్తే నూట ఎనిమిదవ గడిలో రైలు ఉంది. ఇంజను, ఏడు పెట్టెలు. స్కేలు వాడలేదు, చక్రాలు గుండ్రంగా లేవు, పొగ వంకరలు తిరిగింది. ప్రతి కిటికీలో ఒక మనిషి. చివరిపెట్టె కిటికీలో కళ్ళజోడు పెట్టుకొన్న ముసలివాడు ఒకడు ఉన్నాడు. పిల్లలు నిద్రలేచి, తమ పేర్లు రాయవలసిన చోట రైలు ఎందుకు వచ్చిందని అడిగారు. వారి నాన్నను అడగమన్నాను. పేర్లు రైలుపెట్టెల మీద రాసుకున్నారు.

గోడంతా ఆరిన తరువాత మెరుపులేని పారదర్శకమైన నీటిరకం పూత ఒకటి పూశాను. అది ఉంటే మరకపడినా తడిగుడ్డతో తుడుచుకోవచ్చునని కోడలికి చెప్పి, మా ఊరికి బయలుదేరాను. మనవడు ఆ గదిలో పడుకోవడం ఒక్క రాత్రిలో అలవాటు చేసుకోలేదు. మొదటివారం రెండు సార్లు తలగడతో లేచి వచ్చాడట. రెండవ వారం ఒకసారి. తరువాత రాలేదు. వీధిదీపం వెలుగు ఇప్పటికీ పడుతుంది, ఊచల నీడలు ఇప్పటికీ కదులుతాయి. అవి ఇప్పుడు సరస్సు ఒడ్డున రెల్లు అని వాడి నిర్ణయం.

రెండు నెలల తరువాత ఒక ఆదివారం మనవరాలు ఫోను చేసింది. గొంతు నిండా కోపం. “తాతయ్యా! తమ్ముడు మన గోడమీద క్రేయాన్‌తో గీశాడు. కోటాసారస్ తలమీద అంతా నల్లగీతలే. నాన్న ఏమీ అనడం లేదు. నువ్వైనా చెప్పు.”

చిత్రం ఏమిటంటే, నాకు మొదట కోపమే వచ్చింది. అన్ని రోజుల శ్రమ కళ్ళముందు మెదిలింది. మనిషి తన అలవాటును ఒక్కసారి జయించి ఊరుకుంటే చాలదు. అది వచ్చినప్పుడల్లా జయించవలసిందే. గడపలో నిలబడి నా భార్య అడిగిన మాట చెవులలో వినిపించింది. ఆమె ఇప్పుడు లోపలిగదిలో పప్పు ఏరుకుంటూ, ఏమైందన్నట్లు నావైపు చూస్తోంది.

“తమ్ముడికి ఫోను ఇవ్వు” అన్నాను.

అవతలినుంచి భయపడుతున్న ఊపిరి వినిపించింది. దెబ్బకోసం ఎదురుచూసే మౌనం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

“ఏం గీశావు నాన్నా?” అని అడిగాను.

కొంచెంసేపు ఆగి, “అది నిద్రపోతోంది కదా తాతయ్యా. దానికి వచ్చిన కల” అన్నాడు.

“కలలో ఏమేమి ఉన్నాయి?”

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. అది పెద్ద కల. నేను ఫోను చెవికి ఆనించుకొని, వసారా గోడకు చేరగిలబడి, చివరిదాకా విన్నాను.